మన కష్టం మన కన్నోరికి దక్కాలి!

అమ్మలారా, అప్పలారా, చెల్లెళ్లారా!

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసి దాచుకున్న జీతం. బుడగట్లపాలెంలో చేపల గంప నెత్తినెత్తుకుని కూడబెట్టిన రూపాయి. డ్వాక్రా పొదుపు. ఇవన్నీ మనవే కదా! మరి మనం పోయాక ఎవరికెళ్లాలి?

అది మనల్నడక్కుండానే 1956లో రాసిపెట్టేశారు. హిందూ వారసత్వ చట్టం, 15వ సెక్షన్. మొగుడూ పిల్లలూ లేని ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన మొగుడి వారసులకి! వాళ్లలో ఎవరూ లేకపోతేనే అమ్మానాన్నలకి. ఇదేటి న్యాయం? కొడుకు పోతే తల్లికి మొదటి వరసలోనే వాటా. కూతురు పోతే అదే తల్లి మూడో వరసలోనా?

ఉత్తి భయం కాదిది. ఒకామెకి పెళ్లయిన మూడు నెలలకే మొగుణ్ణి పాము కరిచింది. అత్తోరు గెంటేశారు. కన్నోరే చేరదీసి చదివించారు. ఉద్యోగం చేసి డబ్బు దాచుకుని, 1996లో పోయింది. ఆ సొమ్ము కోసం తల్లి కోర్టుకెక్కింది. జాలిపడి తీర్పివ్వలేం, చట్టం ఇలాగే ఉందని 2009లో సుప్రీంకోర్టు తేల్చేసింది. గెంటేసినోళ్ల వైపుకే పోయింది సొమ్ము!

ఈ సెక్షన్ మార్చమని లా కమిషన్ 2008లోనే చెప్పింది. ఎవరు విన్నారు?

"అది ఢిల్లీ పని" అంటారు. నమ్మకండి! వారసత్వం ఉమ్మడి జాబితాలోది. ఎన్టీఆర్ హయాంలో మన రాష్ట్రమే ఈ కేంద్ర చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి. (అప్పటికే పెళ్లయినోళ్లని వదిలేశారు, ఆ కడుపుమంట మన అప్పలకింకా ఆరలేదు.) ఢిల్లీ కళ్లు తెరిచింది 2005లో! అప్పుడు చేసిన అసెంబ్లీ ఇప్పుడెందుకు చెయ్యదు?

హిందూ కోడ్ బిల్లుని ఆపేశారని 1951లో అంబేద్కర్ మంత్రి పదవినే వదిలేశారు. ఆయన పేరున యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్ల మనది. నోరు మూసుకుని కూచుందామా?

ముందు వీలునామా రాసుకోండి. తెల్లకాగితం చాలు. మన సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చట్టంలో రాసిన తప్పుకి మనమెన్నాళ్లు కాపలా కాస్తాం? తప్పునే కొట్టేయించాలి!

ఈ కాగితం ప్రతి సంఘం మీటింగులో చదవండి. చదువు రాని అప్పలకి వినిపించండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. సంతకాలు, వేలిముద్రలతో అర్జీ పట్టుకుని సోమవారం శ్రీకాకుళం కలెక్టరేటు గ్రీవెన్సుకి కదలండి! మన ఎమ్మెల్యేనీ, విజయనగరం ఎంపీనీ నిలబెట్టి అడుగుదాం: 15వ సెక్షన్ మార్చడానికి మీరు చెయ్యెత్తుతారా, ఎత్తరా? ఎప్పుడు?