పులికాట్ సముద్రపు గడ్డిని కాపాడాలని వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రివర్యులకు,
బళ్లారి కంటోన్మెంట్ ప్రాంత తెలుగువారు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: వేడెక్కుతున్న నీళ్లలో పులికాట్ సముద్రపు గడ్డి నిలదొక్కుకునేలా చేయడం గురించి.

అయ్యా,

బళ్లారికీ సముద్రానికీ ఏమిటి సంబంధమని తమరు అడగవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు మైసూరుకు వెళ్లింది, తీరం మీ వైపు ఉండిపోయింది. అయినా మా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం కృష్ణపట్నం రేవులో ఓడలెక్కింది. ఆ రేవుకు దక్షిణాన ఉన్నదే పులికాట్ సరస్సు. తీరం వల్ల నాలుగు డబ్బులు చూసిన జిల్లా తీరం బాగోగులు అడగడం తప్పు కాదనుకుంటున్నాం.

సముద్రపు గడ్డి నాచు కాదు. వేళ్లు, కాండం, పువ్వులు ఉన్న మొక్క. ఉప్పునీటి అడుగున బురదను పట్టి ఉంచుతుంది, చేపపిల్లలకూ రొయ్యపిల్లలకూ దాపు ఇస్తుంది, కర్బనాన్ని మట్టిలో దాస్తుంది. పులికాట్‌లో పెరిగేది హాలోఫిలా రకం, చిన్న ఆకుల గడ్డి. నీరు వేడెక్కితే మొక్క శ్వాసకు ఖర్చు పెరుగుతుంది, ఎండలో సంపాదించింది చాలదు. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తగ్గి, బురదలోని విషవాయువు వేళ్లకు ఎక్కుతుంది. 2011లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేను సముద్రపు వేడి తరంగం కమ్మినప్పుడు అక్కడి గడ్డి మైదానాల్లో సుమారు మూడోవంతు దెబ్బతిన్నాయి.

సముద్రం వేడిని ఏ మంత్రీ ఒక సంతకంతో తగ్గించలేరు. అది మాకు తెలుసు. కానీ వేడి ఒక్కటే అయితే గడ్డి కొంత ఓర్చుకుంటుంది. దానికి తోడు బురదనీరు, మురుగు, పూడిక చేరితే త్వరగా చస్తుంది. మా విన్నపమంతా ఈ రెండో బాధ గురించే.

మొదటిది, ముఖ్యమైనది, సరస్సు ముఖద్వారాలు. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ఇసుక మేటలు వేసినప్పుడు సరస్సులోకి సముద్రపు నీరు ఆడదు. లోతు తక్కువ కాబట్టి వేసవిలో నీరు వేడెక్కి ఆవిరై, ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. ఉత్తర భాగం ఎండి బీడవుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు కట్ట కూడా నీటి నడకకు అడ్డే. దాని కింద తూములు పెంచాలి. ఒడిశా వాళ్లు 2000 సెప్టెంబరులో చిల్కాకు కొత్త ముఖద్వారం తెరిచారు. చేపలు తిరిగి వచ్చాయి, సముద్రపు గడ్డి కూడా విస్తరించింది. పొరుగున ఉన్న పాఠం ఇది. అయితే తవ్విన ఇసుకను గడ్డి మీదే పోస్తే కథ తిరగబడుతుంది. తవ్వే ముందు గడ్డి ఎక్కడుందో పటం గీయించండి. ఏ యంత్రాన్ని దించినా పటం తర్వాతే దించాలి.

2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ సముద్రపు గడ్డి ఉన్న చోట్లను అత్యంత సున్నితమైన 1-ఏ వర్గం కింద చేర్చింది. పటం లేకపోతే ఆ రక్షణ కాగితం మీదే ఉంటుంది. కాబట్టి పులికాట్‌తో పాటు కాకినాడ దగ్గరి నీళ్లను కూడా సర్వే చేయించి, తీర నిర్వహణ ప్రణాళికలో చేర్చండి. రొయ్యల చెరువుల నీటిని నేరుగా సరస్సులోకి వదలకుండా చూడండి. ఆ ఎరువు నీళ్లకు నాచు పెరిగి గడ్డికి వెలుగు అందదు. అడుగును గీకే వలలను గడ్డి ఉన్న చోట్ల ఆపించండి, కానీ యానాదులతో, మత్స్యకారులతో కూర్చుని మాట్లాడాకే. వారి కడుపు కొట్టి కాపాడే గడ్డి మాకు వద్దు.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రపు వేడి తరంగాల గురించి సూచనలు ఇస్తోంది. పులికాట్‌లో నీటి వేడి, ఉప్పు, మసక కొలిచే పరికరాలు పెట్టించి, ఆ లెక్కలను తెలుగులో, ఊరి మత్స్యకారులకు అందేలా ప్రకటించండి. గడ్డి నాటే కార్యక్రమాలు పెడితే ఫోటోల కోసం కాకుండా, నీరు తేటపడ్డ చోట, వేడిని ఇప్పటికే తట్టుకున్న మడుల నుంచి తెచ్చిన మొక్కలతో, చిన్నగా మొదలుపెట్టండి. మురికి నీటిలో నాటడం డబ్బు దండగ.

మార్చి 1ని ప్రపంచ సముద్రపు గడ్డి దినంగా ఐక్యరాజ్యసమితి 2022లో ప్రకటించింది. వచ్చే మార్చి 1 నాటికి పులికాట్ గడ్డి పటం మొదటి ప్రతిని ప్రజల ముందు పెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
కంటోన్మెంట్ ప్రాంత తెలుగువారు, బళ్లారి