జవాబు పక్కన కారణం ఏది?

సమాంతర రేఖల పాఠం పూర్తి చేశారు కదా. అభ్యాసంలోకి వెళ్ళే ముందు మీతో ఒక విషయం వాదించాలని ఉంది. మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు.

తెలియని కోణం కనుక్కోమంటే చాలామంది చేసేది ఇది: చిత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఇంగ్లీషు అక్షరం 'జెడ్' కనబడితే ఏకాంతర కోణాలు, 'ఎఫ్' కనబడితే సదృశ కోణాలు. వెంటనే 62° అని వేసి పుస్తకం చివరి పేజీ తిప్పుతారు. అక్కడా 62° ఉంటే టిక్కు పెట్టి ముందుకు సాగుతారు. గురువు పక్కన లేకుండా చదువుకునే మీకు ఈ అలవాటు మేలు కంటె కీడే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం. తరగతిలో "ఎందుకు?" అని అడగడానికి ఒకరుంటారు. ఇంట్లో ఆ ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి.

ఏ రెండు రేఖలను తిర్యగ్రేఖ ఖండించినా 'జెడ్' ఆకారం ఏర్పడుతుంది. ఏకాంతర కోణాలు సమానం కావడానికి కారణం ఆ ఆకారం కాదు, రేఖలు సమాంతరం కావడం. కాబట్టి మొదటి ప్రశ్న: ఇవి సమాంతరాలని ఎక్కడ చెప్పారు? లెక్కలో ఇచ్చారా, బాణం గుర్తులున్నాయా, లేక కంటికి అలా తోస్తోందా? కంటికి తోచడం చాలదు. కోణమానినితో కొలిచి చూడడమూ అలాంటిదే. చిత్రాన్ని సరిగ్గా కొలత ప్రకారమే గీశారని ఎవరూ మీకు హామీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. కాగితంపై ఏబీ, దాని కింద సీడీ అనే సమాంతర రేఖలను ఎడమ నుంచి కుడికి గీయండి. రెండు రేఖల నడుమ, కుడివైపుగా పీ అనే బిందువు పెట్టి ఏపీ, సీపీలను కలపండి. కోణం బీఏపీ 35°, కోణం డీసీపీ 50°. కోణం ఏపీసీ ఎంత? ఇక్కడ 'జెడ్' లేదు, 'ఎఫ్' లేదు. అక్షరాలను నమ్ముకున్నవారు ఆగిపోయేది ఇక్కడే. పీ గుండా ఎడమవైపుకు ఏబీకి సమాంతరంగా ఒక గీత గీయండి. అది సీడీకి కూడా సమాంతరమే. పీ వద్ద కోణం రెండు ముక్కలైంది. పై ముక్క 35°, కింది ముక్క 50°, రెండూ ఏకాంతర కోణాలే. మొత్తం 85°. లెక్కలో లేని ఆ గీత గీయాలని తోచేది కారణం వెతికేవారికే.

కొలవడానికి వీలులేని చోట కారణమొక్కటే దారి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఎదుర్కొన్న కోణం భూకేంద్రం వద్ద ఉంది. వేసవిలో పగలు అతి దీర్ఘంగా ఉండే రోజున, నేటి అస్వాన్ అయిన సైయీన్‌లో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. అదే వేళ అలెగ్జాండ్రియాలో సూర్యకిరణం నిలువుతో చేసే కోణం వృత్తంలో 50వ వంతు, అంటే 7.2°. రెండు ఊళ్ళ నిలువు గీతలను లోపలికి పొడిగిస్తే భూకేంద్రంలో కలుస్తాయి. సూర్యుడు ఎంతో దూరాన ఉన్నాడు కనుక కిరణాలు సమాంతరాలని తీసుకుంటే, కేంద్రం వద్ద కోణమూ 7.2°. అవి ఏకాంతర కోణాలు. ఊళ్ళ మధ్య దూరం 5,000 స్టేడియా అనుకొని, 50తో గుణించి, భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియా అన్నాడు. కిరణాలు సమాంతరాలన్న మాట తీసేయండి, లెక్కలో ఏమీ మిగలదు.

పరీక్షలోనూ సోపానాలు చూస్తారు. 85° అని మాత్రమే వ్రాసినవారి సమాధానపత్రంలో చూడడానికి ఏముంటుంది?

ఇక అభ్యాసానికి వెళ్ళండి. చివరి పేజీని కాసేపు మరచిపోండి. ముందు పై లెక్కలోనే పీ బిందువును ఏబీకి పైన, కుడివైపుగా ఉంచండి. కోణం బీఏపీ 35°, కోణం డీసీపీ 50° అలాగే ఉండనివ్వండి. ఈసారి కోణం ఏపీసీ 15°. జవాబు నేనే చెప్పేశాను, కారణాలు మీరు వ్రాయండి.