ఆకు ముడుచుకుంటే మందు పేరు అడగకండి, ముందు ఆకు తిప్పి చూడండి

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు రేపు టిఫిన్ అయ్యాక చదవండి.

చిత్తిరై నెల వచ్చిందంటే మన గ్రూపులో పెళ్ళి పత్రికలకంటే మిరపచెట్టు ఫోటోలే ఎక్కువ. "అన్నా, ఆకు ముడుచుకుంది, ఏం మందు కొట్టాలి?" అని ఒకరు అడుగుతారు. పది నిమిషాల్లో ఐదు జవాబులు వస్తాయి. ఒకరు వేపనూనె అంటారు, ఒకరు పులిసిన మజ్జిగ అంటారు, ఇంకొకరు వాళ్ళ ఊళ్ళో పత్తికి కొట్టే మందు పేరు చెప్తారు, ఒక అక్కయ్య ఎప్సమ్ సాల్ట్ అంటుంది, చివరి ఆయన "నీళ్ళు బాగా పోయండి" అంటాడు. ఆకు కింద ఏముందో చూశారా, తొట్టిలో మన్ను తడిగా ఉందా పొడిగా ఉందా అని అడిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఇప్పుడు కమిటీలో కొత్త మాట ఒకటి నడుస్తోంది: పురుగుమందు మొత్తంగా కొని, మిద్దెతోట పెట్టుకున్న సభ్యులకు తక్కువ ధరకు ఇద్దామని. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో వివరంగా చెప్తాను.

రైల్వే పార్సిల్ ఆఫీసులో పెట్టె పాడైపోయి వస్తే, "డామేజ్" అని ఊరికే రాసేందుకు వీల్లేదు. తడిసిందా, పగిలిందా, సీలు తెగిందా, బరువు తగ్గిందా, అన్నీ చూసి రాయాలి. తడిసిన పెట్టెకు కారణం వేరు, సీలు తెగిన పెట్టెకు కారణం వేరు. చెట్టుకూ అంతే. "వాడింది" అంటే అది రోగం పేరు కాదు.

వేసవిలో గ్రూపుకు వచ్చే ఫోటోల్లో సగానికి పైగా నాకు పురుగు కనిపించదు. నీళ్ళూ వెయిలే కనిపిస్తాయి. కత్తిరి వెయిలు మే 4 దగ్గర మొదలై 28 దాకా ఉంటుంది, అది అయ్యీ కాకముందే మన పెద్దవాళ్ళు చెప్పే రోహిణి కార్తె వస్తుంది. అంటే తమిళ లెక్కలో తప్పించుకున్నా తెలుగు లెక్కలో దొరికిపోతాం. ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలకు వంగచెట్టు ఆకులు వేలాడేస్తుంది. వేళ్ళు తాగేదానికంటే ఆకు నుంచి ఆవిరయ్యేది ఎక్కువ కాబట్టి అట్లా అవుతుంది. సాయంత్రం ఆరుకు అదే లేచి నిలబడితే దానికి ఏ జబ్బూ లేదు. పొద్దున ఆరు గంటలకు కూడా వాడే ఉంటే అప్పుడు విషయం ఉంది. అప్పుడు వేలు రెండు కణుపుల లోతుకు మన్నులో పెట్టండి. పొడిగా తగిలితే నీళ్ళు చాలలేదు. తడిగా, బురదగా తగిలి, అడుగు ఆకులు పసుపు పచ్చగా ఉంటే నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళుతోంది. చూసేదానికి రెండూ ఒకే వాడడం. మందు రెండు విధాలా వేరు: ఒకదానికి నీళ్ళు పోయాలి, ఇంకోదానికి ఆపాలి. వాడిన చెట్టును చూసి జాలిపడి, తడి మన్నులో ఇంకో చెంబు పోసేవాళ్ళే మనలో ఎక్కువ.

కొబ్బరిపీచు పొడి నింపిన గ్రో బ్యాగుల్లో ఇంకో మోసం ఉంది. మన తమిళనాడు తోటకళా శాఖ ఇచ్చే మాడితోట కిట్టులో ఉండేదీ ఈ పీచే. పైన చూస్తే ఎండి తెల్లగా ఉంటుంది, అడుగున నీళ్ళు నిలిచి ఉంటాయి. దానికి తిరుగుడు కూడా ఉంది. ఒకసారి పూర్తిగా ఎండిందంటే పీచు కుంచించుకుపోయి సంచి అంచుకూ దానికీ సందు ఏర్పడుతుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కింద కారిపోతాయి, మనం "అబ్బ, బాగా తడిసింది" అనుకుంటాం. నడుమ వేరు ఎండే ఉంటుంది. సంచిని పక్కకు ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే లోపల నీళ్ళు లేవు. అప్పుడు ఒకేసారి కుమ్మరించకుండా, కొంచెం కొంచెంగా మూడుసార్లు పోయండి.

నల్ల సంచిని సిమెంటు మిద్దె మీద నేరుగా పెడితే వేళ్ళు పైనుంచీ కిందనుంచీ ఉడుకుతాయి. రెండు ఇటుకల మీద పెట్టండి. మధ్యాహ్నం ట్యాంకు నుంచి పైపులో వచ్చే మొదటి నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. వాటినే చెట్టుకు పట్టించేవాళ్ళను చూశాను. పొద్దున ఏడులోగా పోస్తే ఈ బాధే లేదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే వీధుల్లో ఆకు అంచు గోధుమరంగుగా కాలినట్టు అవుతుంది, తొట్టి అంచున తెల్లటి పొర కడుతుంది. దానికి పురుగుమందు కొడితే ఏం లాభం? పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే మిరప, టమాట పూత రాలుతుంది. దానికీ మందు లేదు. నీడ వల కట్టి, ఓర్చుకోవాలి.

ఇప్పుడు పురుగు మాటకు వస్తాను. ఇక్కడ మన సంఘానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి ఉంది, దీన్ని ఎవరూ రాయగా నేను చూడలేదు. ఇంట్లో మనం మాట్లాడేది తెలుగు, మందంగడిలో మాట్లాడేది తమిళం. మిరపాకు రసం పీల్చే సన్నటి తామర పురుగును తమిళంలో ఇలైప్పేన్ అంటారు. సాలీడు జాతికి చెందిన నల్లిని సిలందిప్పేన్ అంటారు. రెండూ పేన్ లే. తెలుగులో పేనుబంక అంటే ఈ రెండూ కాదు, అది గుంపుగా లేత కొమ్మకు అంటుకునే వేరే పురుగు, తమిళంలో అసువిణి. మన అక్కయ్య అంగడికి పోయి "పేను పట్టింది" అంటుంది, ఆయన ఇలైప్పేన్ మందు ఇస్తాడు, చెట్టుమీద ఉన్నదేమో నల్లి. తెలుగూ ఏమంత నేరం లేనిది కాదు లెండి, పిండినల్లి అని పేరు పెట్టాం కానీ అది నల్లే కాదు.

పేరు మారితే ఏమైందంటారా? చాలా అవుతుంది. పురుగుకు ఆరు కాళ్ళు, నల్లికి ఎనిమిది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు నల్లిని చంపదు. నల్లిని తినే మంచి పురుగులను చంపుతుంది. అందుకే కొట్టిన వారానికి నల్లి ఇంకా పెరుగుతుంది. వాళ్ళు మళ్ళీ గ్రూపుకు వచ్చి "మందు నకిలీ" అంటారు. నిజానికి మందు మంచిదే, తప్పు చిరునామాకు పోయింది.

గుర్తుపట్టేది కష్టమేమీ కాదు. గుంటూరు మిరప రైతులు రెండు మాటల్లో చెప్తారు: పై ముడత, కింది ముడత. ఆకు అంచులు పైకి లేచి పడవలాగా అయితే తామర పురుగు. కిందికి వంగి, బోర్లించిన పడవలాగా అయి, కాడ పొడుగ్గా సాగితే తెల్లనల్లి. వంగ, బెండ ఆకుల మీద సూదితో గుచ్చినట్టు సన్నటి తెల్ల చుక్కలు వచ్చి కింద బూజులాంటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి, అది ఎండవేడికి వారంలోనే తరం పెంచుకుంటుంది. తెల్లకాగితం మీద ఆకును తట్టి చూడండి, కదిలే చుక్కలు కనిపిస్తాయి. చెట్టంతా కురచై, ఆకులు చిన్నవై గుబురుగా ముడుచుకుపోతే తెల్లదోమ తెచ్చిన వైరస్ కావచ్చు. దానికి వైద్యం లేదు, పీకి పారేయడమే.

పెద్దవాళ్ళు కొందరు అంటారు, "మా తాత పత్తి పండించాడు, మందు లేకుండా పంట ఎక్కడిది?" అని. నిజమే, పొలానికి మందు కావాల్సి వస్తుంది. మా కోయంబత్తూరు వైపువాళ్ళకు ఒక సంగతి గుర్తు చేస్తాను. 2008లో ఇక్కడే మొదట బొప్పాయి పిండినల్లి కనిపించింది. బొప్పాయి, మల్బరీ, మరవళ్ళి తోటలు తెల్లగా పిండి చల్లినట్టయ్యాయి. రైతులు మందు మీద మందు కొట్టారు. ఆ పురుగు ఒంటిమీది మైనం పొర దాటి మందు దిగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగలను తెప్పించి వదిలారు. వాటిలో అసెరోఫాగస్ అనేది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెట్టి దాన్ని అణిచేసింది. అది ఏ దేశపు పురుగో ముందు సరిగ్గా గుర్తుపట్టారు కాబట్టే, దాని శత్రువు ఎక్కడ దొరుకుతుందో తెలిసింది.

మిద్దెమీద మనం పండించేది పది మిరపచెట్లు, రెండు వంగ, ఒక కరివేపాకు. కోసిన ఆకు ఐదు నిమిషాల్లో తాళింపులో పడుతుంది. మందు కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని డబ్బా మీద రాసి ఉంటుంది, కరివేపాకు దగ్గర దాన్ని ఎవరు పాటిస్తారు? ఊరి నుంచి కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి తెచ్చుకున్న మందు కొందరి మెట్లకింద ఉంది. పేరు లేదు, ఎర్ర త్రికోణమా పచ్చ త్రికోణమా తెలియదు, మనవళ్ళు అక్కడే ఆడుకుంటారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలమీద వాడకూడదని 2005లోనే కేంద్రం ఆపింది. అయినా మన గ్రూపులో ఆ పేరు రెండుసార్లు చదివాను.

అందుకే కమిటీకి నా మాట ఇది. ఆ డబ్బుతో పది రెట్లు పెద్దగా చూపే చేతి అద్దాలు వీధికొకటి కొనండి, మిగిలినదానికి నీడ వల మొత్తంగా కొనండి. గ్రూపులో ఫోటో పెట్టేవాళ్ళు ఆకు పైభాగం, కిందిభాగం రెండూ పెట్టాలి. మన్ను తడా పొడా, వాడేది పొద్దునా మధ్యాహ్నమా, ముందే ఏమన్నా కొట్టారా అని రాయాలి. అది లేకుండా ఎవరూ మందు పేరు చెప్పకూడదు, నాతో సహా. నిజంగా పురుగే అని తేలితే మొదట నీళ్ళు జోరుగా ఆకు కిందికి కొట్టండి. ఆ తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, సోపునీళ్ళు రెండు చుక్కలు, ఎండ దిగాక. నల్లికైతే నీటిలో కరిగే గంధకం, అది కూడా ఎండలో వద్దు, నూనె కొట్టిన రెండు వారాల్లోపు వద్దు, ఆకు మాడుతుంది.

వచ్చే ఆదివారం సమావేశానికి అనుమానమున్న కొమ్మ తేండి, కాఫీ తాగుతూ అందరం చూద్దాం. కవర్లో వేసి మూతి గట్టిగా కట్టి తేండి. మీ నల్లి పక్కింటి వదిన బెండచెట్టుకు పోయిందంటే ఆ గొడవ తీర్చేది నావల్ల కాదు.