ఆన్‌లైన్ లేని ఆట... దండగేనా?

"ఒరేయ్, నువ్వు పేపర్లో ఇలాంటివన్నీ రాస్తుంటావు కదా... ఓ మాట చెప్పు. ఆన్‌లైన్ లేని గేముకి నాలుగు వేలు పెట్టొచ్చా?"

విజయవాడ నుంచి అక్క ఫోన్. సంగతేంటంటే- మేనల్లుడి పుట్టినరోజు వస్తోంది. ఏడో తరగతి చదువుతున్నాడు. నిరుడు బావ కొనిచ్చిన ప్లేస్టేషన్ ఇంట్లో ఉంది. ఈసారి కానుకగా 'ఆస్ట్రో బాట్' అనే గేము కావాలన్నాడట. బావ దుకాణానికెళ్లి వాకబు చేస్తే 'అది ఒక్కరే ఆడుకునేది సార్, ఆన్‌లైన్ మల్టీప్లేయర్ లేదు. పిల్లలు పది పదిహేను గంటల్లో కథ ముగించేస్తారు' అన్నాడట అక్కడి కుర్రాడు. అంతే, బావ మనసు మారిపోయింది. 'నాలుగు వేలు పోసి పదిహేను గంటల ఆటా? అదే ఆన్‌లైన్‌దైతే ఏళ్ల తరబడి ఆడుకుంటాడుగా' అన్నది ఆయన లెక్క. బియ్యం బస్తా కొన్నా ఎన్నాళ్లొస్తుందో చూసుకునే కొంటాం కదా మరి!

లెక్క సబబుగానే ఉంది. అందుకే అక్కకి వెంటనే జవాబు చెప్పలేకపోయా. 'రెండ్రోజులు ఆగు, కనుక్కుని చెబుతా' అని పెట్టేశా. కనుక్కున్నాక తెలిసిందేమిటంటే, బావకు వచ్చిన అనుమానమే పాతికేళ్లుగా పెద్దపెద్ద కంపెనీలనూ వేధిస్తోందని!

రెండోవాడు ఎక్కడున్నాడు?

మా చిన్నప్పుడు ఇంట్లో వీడియోగేమ్ ఉంటే దానికి రెండు రిమోట్‌లుండేవి. నా మారియో గోతిలో పడి చచ్చిపోతే తమ్ముడి వంతు. వాడెప్పుడు పడతాడా అని నేనూ, నేనెప్పుడు పడతానా అని వాడూ ఎదురుచూస్తుండేవాళ్లం. ఎంత కొట్టుకున్నా ఇద్దరం ఒకే చాప మీద ఉండేవాళ్లం.

ఇప్పుడు రెండోవాడు పక్కన ఉండక్కర్లేదు. టీవీకి తగిలించే గేము యంత్రాన్ని, అదే కన్సోల్‌ని, ఇంటర్నెట్‌కి కలిపితే చాలు. ఎక్కడో జపాన్‌లోనో, జర్మనీలోనో ఉన్నవాడు మన జట్టులోకి వచ్చేస్తాడు. ఇద్దరినీ కలిపేది కంపెనీ నడిపే సర్వర్. 2002లో మైక్రోసాఫ్ట్ 'ఎక్స్‌బాక్స్ లైవ్' సేవను మొదలుపెట్టడం, 2004లో 'హేలో 2' సంచలనం సృష్టించడంతో ఈ పద్ధతి ఊపందుకుంది. ఆ తర్వాత ఏ కొత్త గేమొచ్చినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే- ఆన్‌లైన్ ఉందా, లేదా? లేదంటే 'డబ్బుకి తగ్గ సరుకు కాదు' అనేవాళ్లు పెరిగారు.

నిజంగానే సరుకు తగ్గుతుందా?

ఒకే రోజు... ఒకటి వచ్చింది, ఒకటి పోయింది

2024 ఆగస్టు 23న సోనీ సంస్థ 'కాంకర్డ్' అనే గేముని విడుదల చేసింది. అయిదుగురు ఒక జట్టుగా, మరో అయిదుగురితో తలపడే కాల్పుల ఆట. మొత్తం ఆన్‌లైన్‌లోనే. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథంటూ లేదు. ధర 40 డాలర్లు. బావ లెక్క ప్రకారమైతే అసలైన బేరం ఇదే, ఎన్నేళ్లయినా ఆడుకోవచ్చు. కానీ ఆడటానికి జనం రాలేదు. ఎదుటి జట్టే లేకపోతే ఆటెక్కడిది? రెండు వారాలకే, సెప్టెంబరు 6న సోనీ దాన్ని ఆపేసింది. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కిచ్చేసింది. అక్టోబరులో దాన్ని తయారుచేసిన స్టూడియోనే మూసేసింది.

సరిగ్గా అదే సెప్టెంబరు 6న అదే సోనీ విడుదల చేసిన మరో గేము ఏంటో తెలుసా? మా మేనల్లుడు అడుగుతున్న 'ఆస్ట్రో బాట్'!

బుల్లి రోబో ఒకటి గ్రహాలన్నీ తిరుగుతూ తప్పిపోయిన తన తోటి రోబోలను వెతికి తెచ్చుకునే ఆట ఇది. టోక్యోలోని టీమ్ అసోబి తయారుచేసింది. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ లేదు. ధర కాంకర్డ్ కన్నా 20 డాలర్లు ఎక్కువ. అయినా రెండు నెలల్లో 15 లక్షల కాపీలు అమ్ముడైంది. ఆ డిసెంబరులో 'ద గేమ్ అవార్డ్స్' వేడుకలో ఆ ఏడాది అత్యుత్తమ గేముగా నిలిచింది. ఒకే కంపెనీ, ఒకే తేదీ... జనం దేనికి డబ్బు పెట్టారో కళ్ల ముందే ఉంది.

ఇంకా పెద్ద అంకె కావాలంటే చైనా గేము 'బ్లాక్ మిత్: వుకాంగ్' ఉంది. ఇదీ ఒక్కరే ఆడుకునేదే. 2024 ఆగస్టు 20న ప్లేస్టేషన్ 5కీ, కంప్యూటర్లకీ కలిపి విడుదలైంది. మూడే మూడు రోజుల్లో కోటి కాపీలు దాటేసింది.

మారియో చెప్పే పాఠం

'సరే, ఒంటరిగా ఆడేవాటి సంగతి వేరు. నలుగురూ కలిసి ఆడే గేములో కూడా ఆన్‌లైన్ లేకపోతే?' అంటారా? దానికీ ఉదాహరణ ఉంది.

2009లో నింటెండో 'న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ' తెచ్చింది. ఒకే టీవీ ముందు నలుగురూ ఒకేసారి ఆడొచ్చు. ఆన్‌లైన్‌లో మాత్రం కుదరదు. 'ఈ రోజుల్లో ఇదేం చాదస్తం' అని అప్పట్లో పెదవి విరిచినవాళ్లున్నారు. తీరా చూస్తే అది 3 కోట్లకు పైగా అమ్ముడైంది. ప్రపంచం మొత్తమ్మీద అమ్ముడైన వీ కన్సోళ్లు 10 కోట్లు. అంటే కన్సోల్ ఉన్న ప్రతి పది ఇళ్లలో మూడిళ్లవాళ్లు కొన్నట్టే!

మరో మారియో ముచ్చట. 2013లో 'వీ యూ' కన్సోల్ మీద వచ్చిన 'సూపర్ మారియో 3డీ వరల్డ్'లో ఆన్‌లైన్ లేదు. 2021లో అదే గేముని ఆన్‌లైన్ సదుపాయంతో 'స్విచ్' మీద మళ్లీ విడుదల చేశారు. మొదటిది 58 లక్షలు అమ్మితే రెండోది కోటీ 30 లక్షలు దాటింది. 'చూశారా, ఆన్‌లైన్ మహిమ' అనిపిస్తుంది కదూ! కాస్త ఆగండి. వీ యూలు అమ్ముడైంది కోటీ 35 లక్షలే. స్విచ్‌లు 15 కోట్లు దాటాయి. ఆ లెక్కన వీ యూ ఉన్న పదిమందిలో నలుగురు ఆన్‌లైన్ లేనిదాన్ని కొంటే, స్విచ్ ఉన్న పదిమందిలో ఒక్కరే ఆన్‌లైన్ ఉన్నదాన్ని కొన్నారు. వీ యూలో వేరే మంచి గేములు తక్కువ కావడం కూడా దానికి కారణం కావచ్చు. అయినా, పెరిగిన అమ్మకాలు ఆన్‌లైన్ పుణ్యమే అనడానికి మాత్రం వీల్లేదు.

కంపెనీల తాపత్రయం ఎందుకు?

మరి అంత అవసరం లేనప్పుడు కంపెనీలు ప్రతి గేముకీ ఆన్‌లైన్‌ని ఎందుకు తగిలించాయి? ఒక ముఖ్య కారణం... సెకండ్ హ్యాండ్ బజారు!

కథ ముగిసిన డిస్క్‌ని ఇంట్లో ఉంచుకోవడం ఎందుకని చాలామంది అమ్మేస్తారు. రెండోసారి చేతులు మారితే కంపెనీకి పైసా రాదు. అదే రోజూ స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడుతుంటే డిస్క్ అమ్మాలనిపించదు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. కొత్త డిస్క్‌తో పాటు ఒక కోడ్ ఇచ్చేది. పాత డిస్క్ కొనుక్కున్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఆడాలంటే మరో 10 డాలర్లు కట్టాల్సిందే. 'ఆన్‌లైన్ పాస్' అనే ఈ పద్ధతి మీద విమర్శలు రావడంతో 2013లో వదిలేసింది.

అవసరం లేనిచోట తగిలించిన ఆన్‌లైన్ ఏమవుతుందో 'బయోషాక్' చెబుతుంది. 2007లో వచ్చిన మొదటి భాగంలో మల్టీప్లేయర్ లేదు. కథతోనే పేరు తెచ్చుకుంది. 2010 నాటి రెండో భాగంలో చేర్చారు. 2013లో మూడో భాగానికి మళ్లీ తీసేశారు. ఆ మూడోది 2015 నాటికి కోటీ 10 లక్షల కాపీలకు చేరింది. 2016లో మూడింటినీ కలిపి కొత్త హంగులతో విడుదల చేసినప్పుడు రెండో భాగంలోని మల్టీప్లేయర్‌ని పక్కన పెట్టేశారు. అంత కష్టపడి చేసింది చివరికి కూరలో కరివేపాకే అయింది.

ఉండాల్సిన చోట ఉండాలి

అలాగని ఆన్‌లైన్‌ని తీసిపారేయడానికీ లేదు. కాంకర్డ్ లాగే 40 డాలర్ల ధరతో అదే 2024లో ఫిబ్రవరిలో సోనీ నుంచే వచ్చిన 'హెల్‌డైవర్స్ 2' పన్నెండు వారాల్లో కోటీ 20 లక్షలు అమ్ముడైంది. నలుగురు స్నేహితులు జట్టుకట్టి ఆడటమే దాని ప్రాణం. అందులోంచి ఆన్‌లైన్ తీసేస్తే మిగిలేది గుండుసున్నా. జట్టు ఆటలకూ, ఎదుట మనిషి ఉంటేనే మజా ఉండే పోటీ ఆటలకూ ఇది లేకపోవడం లోటే.

'గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5' సంగతి మరీ తమాషా. పెద్దలకు మాత్రమే అని ముద్ర ఉన్న గేము లెండి, పిల్లలకి కాదు. 2013 సెప్టెంబరు 17న విడుదలై మూడు రోజుల్లో వంద కోట్ల డాలర్లు రాబట్టింది. దాని ఆన్‌లైన్ విభాగం తెరుచుకుంది మాత్రం అక్టోబరు 1న! అంటే తొలి సంబరమంతా ఆన్‌లైన్ లేకుండానే జరిగిపోయింది. అయితే ఆ తర్వాత పదేళ్లకు పైగా గేము పాతబడకుండా, 20 కోట్ల కాపీలు దాటేలా నిలబెట్టడంలో ఆన్‌లైన్‌ది పెద్ద చెయ్యి. మొదటి రోజు జనాన్ని రప్పించేది ఆట, వచ్చినవాళ్లను కూర్చోబెట్టేది ఆన్‌లైన్ అనుకోవచ్చు.

మనదా, అద్దెదా?

ఇక బావ లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఆన్‌లైన్ గేము ఏళ్ల తరబడి వస్తుందనుకుంటున్నాం. కానీ ఎన్నేళ్లన్నది మన చేతిలో లేదు. కంపెనీ సర్వర్ ఆపిన రోజున అది ఆగిపోతుంది. వీ కన్సోల్ ఆన్‌లైన్ సేవని నింటెండో 2014 మేలో నిలిపేసింది. 3డీఎస్, వీ యూలకు 2024 ఏప్రిల్‌లో ముగింపు పలికింది. 2014లో వచ్చిన 'ద క్రూ' అనే కార్ల పందేల గేము సర్వర్లను 2024 మార్చి 31న యుబీసాఫ్ట్ ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. 'కొన్నది మా సొత్తు కాదా?' అంటూ మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి 2025లో ఐరోపాలో 10 లక్షలకు పైగా సంతకాలు పోగయ్యాయి.

అటకమీది 2009 నాటి మారియో డిస్క్‌ని దుమ్ము దులిపి పెడితే, యంత్రం బాగుంటే చాలు, నలుగురూ ఇప్పుడూ ఆడుకోవచ్చు. పైగా డబ్బిచ్చి కొన్న గేముల్ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఇప్పటి కన్సోళ్లలో సాధారణంగా విడిగా చందా కట్టాలి. ఆ ఖర్చు గేము ధర చీటీ మీద కనిపించదు!

అడగాల్సిన ప్రశ్న

ఇదంతా అక్కకి చెప్పి 'వాడడిగింది కొనిపెట్టు' అన్నా. అయినా ఏదో వెలితి. వాణ్ణే అడుగుదామని ఫోన్ ఇవ్వమన్నా.

"ఏరా, ఆన్‌లైన్ లేకపోయినా ఫర్వాలేదా?"

"ఫర్వాలేదు మావయ్యా. నాకా రోబో ఇష్టం." కాస్త ఆగి, "కానీ వాడితో ఆడుకోడానికి కూడా ఒకటుంటే బాగుండేది" అన్నాడు.

వాడంటే ఎల్కేజీ నుంచి పక్క బెంచీ నేస్తం. వాళ్ల నాన్నకి డాలస్‌లో ఉద్యోగం రావడంతో వేసవి సెలవుల్లో వెళ్లిపోయాడు. నేనూ, అక్కా, బావా గంటలూ డబ్బులూ లెక్కేస్తూ కూర్చున్నాం గానీ ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. ముక్కూమొహం తెలియని వందమందితో ఆడించే ఆన్‌లైన్ వాడికి అక్కర్లేదు. వాడికి కావాల్సింది ఒక్కడు.

ఆస్ట్రో బాట్ కొన్నారు. మా ఫోన్ తర్వాత దాంతోపాటు 'మైన్‌క్రాఫ్ట్' కూడా తెప్పించారు. ఒంటరిగానూ, ఒకే టీవీ ముందు పక్కపక్కనా, దూరంగా ఉన్నవాళ్లతోనూ... ఎలాగైనా ఆడుకోవచ్చు. అవతలివాడికి ఇదే కన్సోల్ ఉండాలనీ లేదు, ట్యాబ్‌లోంచైనా కలవొచ్చు. తెలియనివాళ్లు రాకుండా సెట్టింగులన్నీ అక్క దగ్గరుండి సరిచేయించింది. ఆదివారం ఒక్కపూటే అని బావ షరతు.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో కొత్త గేము మాటొస్తే 'ఆన్‌లైన్ ఉందా' అని దుకాణంవాణ్ణి అడగడానికి ముందు 'ఎవరితో ఆడుకుందామని' అని మీ పిల్లాణ్ణి అడగండి. 'నేనే' అన్నాడా, ఆన్‌లైన్ లేకపోయినా మీ డబ్బు ఎక్కడికీ పోదు. 'మనందరం' అన్నాడా, ఇంకో రిమోట్ కొనండి. ఫలానా స్నేహితుడి పేరు చెప్పాడా, అప్పుడు ఆన్‌లైన్ చూడండి.

మొన్న ఆదివారం ఉదయం ఎనిమిదింటికి అక్క ఫోన్ చేసింది. వెనక నుంచి ఒకటే కేకలు, నవ్వులు. అప్పుడు డాలస్‌లో శనివారం రాత్రి. ఇద్దరూ కలిసి ఇల్లు కడుతున్నారట. పక్కపక్కన రెండు గదులు, ఒకటి వీడిది, ఒకటి వాడిది.