తొడా తనదే, కత్తీ తనదే

ఈ వారం ఒక డిగ్రీ కాలేజీలో వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. అంశం 'సైన్సుకు హద్దులు'. పదకొండు మంది మాట్లాడితే ఏడుగురు ఫ్రాంకెన్‌స్టైన్‌ పేరెత్తారు. ఏడుగురూ ఆ పేరు రాక్షసుడిదే అనుకున్నారు. ఏడుగురూ భస్మాసురుడితో పోల్చి, దేవుడి పనిలో మనిషి వేలు పెట్టకూడదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లకు అలా నేర్పిన మన మీదే ఉంది.

ఫ్రాంకెన్‌స్టైన్‌ అన్నది తయారుచేసినవాడి పేరు. తయారైనదానికి పేరే లేదు. మేరీ షెల్లీ 18 ఏళ్ల వయసులో మొదలుపెట్టి, 1818లో తన పేరు లేకుండానే వెలువరించిన ఆ నవలలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. ప్రాణం పోసినవాడు ఒక పేరైనా పెట్టలేదు. అది కళ్లు తెరవగానే విక్టర్‌ ఫ్రాంకెన్‌స్టైన్‌ గదిలోంచి పారిపోతాడు. భస్మాసురుడు తపస్సు చేసి వరం అడిగాడు. ఈ ప్రాణి ఏమీ అడగలేదు, పుట్టించమని కూడా అడగలేదు. గోడ సందులోంచి ఒక పేద కుటుంబాన్ని చూస్తూ మాటలు నేర్చుకుంది. వాళ్లు నిద్రపోయాక వాళ్లకోసం కట్టెలు కొట్టుకొచ్చి పెట్టింది. దాన్ని కొట్టి తరిమాకే అది హత్యలకు దిగింది. తన చిన్న తమ్ముణ్ణి చంపిందెవరో విక్టర్‌కు తెలుసు. అయినా ఆ నేరం కింద జస్టిన్‌ అనే పనిపిల్లను ఉరితీస్తుంటే బయటపెట్టడు, చెబితే పిచ్చివాడంటారని. దేవుడి పని నెత్తికెత్తుకోవడం కాదు అతని పాపం. ఎత్తుకుని, నడిదారిలో వదిలేసి పోవడం.

ఇంకా సూటిగా చెప్పినవాడు హెచ్‌.జి. వెల్స్‌. 1896లో వచ్చిన ఆయన నవలలో డాక్టర్‌ మోరో జంతువుల్ని కోసి, కుట్టి, మనుషుల్ని చేస్తుంటాడు. లండన్‌లో ఉండగా అతని ఇంట్లోంచి చర్మం వలిచిన కుక్క ఒకటి బయటపడితే గగ్గోలైంది. బ్రిటన్‌లో అప్పటికే, 1876 నుంచీ, బతికున్న జంతువుల మీద ప్రయోగం చేయాలంటే లైసెన్సు కావాలి. దాంతో మోరో పసిఫిక్‌ సముద్రంలో ఒక దీవి చూసుకున్నాడు. దేవుడాట ఆడేవాడికి ముందుగా కావలసింది కత్తి కాదు, అడిగే నాథుడు లేని చోటు.

నవలలో ఒక దృశ్యం ఉంది. ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఆ దీవికి కొట్టుకొచ్చిన ప్రెండిక్‌, ఇంత నొప్పి ఎందుకు పెడుతున్నావని నిలదీస్తాడు. నొప్పి చాలా చిన్న విషయమంటూ మోరో జేబుకత్తి తీసి, చిన్న అలుగు తెరిచి, నింపాదిగా చోటు ఎంచుకుని తన తొడలో గుచ్చుకుని తీస్తాడు. తన వాదన గెలిచిందనే అతని నమ్మకం. తొడ తనది, కత్తి తనది, ఎక్కడ గుచ్చాలో ఎంచుకున్నదీ తనే. పక్క గదిలో కట్టేసి ఉన్న ప్యూమాకు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. చివరికి అది గోడకున్న కొక్కెం ఊడబెరుక్కుని వచ్చి అతణ్ణి చంపుతుంది.

ఇవి పాత ఇంగ్లీషు కథలే అనుకునేవాళ్లు ఖమ్మం గుర్తు తెచ్చుకోవాలి. 2009లో ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఒక అధ్యయనంలో భాగంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ టీకా వేశారు. ఆ టీకా మంచిదే, మా మనవరాలికీ వేయించాం. తర్వాత ఆ పిల్లల్లో కొందరు చనిపోయారు కానీ, ఆ మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ కూడా అనలేదు. నా గొడవ దాని గురించి కాదు, సంతకం గురించి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్‌ వార్డెన్ల సంతకాలున్నాయి. చెయ్యి చాచింది పిల్ల, సంతకం వార్డెనుది. ఊళ్లో తల్లిదండ్రుల్ని అడగాలన్న ఆలోచనే రాలేదంటే, ఆ పిల్లలు ఎవరి లెక్కలోకీ రాలేదన్నమాట. దీని గురించి మాట్లాడినవాళ్లు ఆ ఏడుగురిలో ఒక్కరూ లేరు. మనం చెబితే కదా వాళ్లకు తెలిసేది!

పోయిన నెల మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్‌ చేయించాం. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం, సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. దాన్ని తెచ్చి నా చేతికిచ్చారు. కన్నేమో అమ్మది. ఇందులో ఏముందమ్మా అని నర్సును అడిగితే, "అందరూ పెట్టేదే సార్‌, తొందరగా ఇచ్చెయ్యండి" అంది. నేను ఇవ్వలేదు. వరండాలో బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. అరగంట పట్టింది. వెనకవాళ్లు విసుక్కున్నారు. మూడో పేజీలో ఒకచోట అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఇది మళ్లీ చెప్పు నాన్నా" అంది. మళ్లీ చెప్పాను. కాసేపు ఆలోచించి, పెన్ను అడిగి తీసుకుని, మొదటి ఇంటూ గుర్తు పక్కన తెలుగులో తన పేరు రాసింది.