కూతకెళ్లే పిల్లకి పరీక్షంటే భయమెందుకు?

జనవరి దాటిందంటే చాలు, పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇళ్ల వాతావరణమే మారిపోతుంది. టీవీ మూగబోతుంది. ఫోన్లు బీరువాలో చేరతాయి. చుట్టాలకి ‘పరీక్షలయ్యాక రండి’ అని చెప్పేస్తాం. ఆటలాడే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆమె బూట్లు కూడా అటక ఎక్కుతాయి. ‘మార్చి అయ్యేదాకా ఆటా లేదు, గీటా లేదు’ అని పెద్దలు తీర్మానిస్తారు. అంతా పిల్ల మంచికే అనుకుంటారు. నేను మాత్రం ఒప్పుకోను. చాలామంది పిల్లల్లో పరీక్ష భయం పెరిగేది సరిగ్గా అక్కడే.

మండల కేంద్రంలోని ఒక హైస్కూల్లో పీఈటీగా అమ్మాయిలకి కబడ్డీ, ఖోఖో నేర్పిస్తూ ఇరవై ఏళ్లు గడిపాను. అవతల ఏడుగురు కాచుకుని ఉంటే ఒంటరిగా కూతకెళ్లి, ముప్ఫై సెకన్లలో ఇద్దర్ని తాకి తిరిగొచ్చే పిల్లల్ని చూశాను. అదే పిల్ల లెక్కల పేపరు చేతికి రాగానే చేతులు చల్లబడి, చదివిందంతా మరిచిపోయి కూర్చోవడమూ చూశాను. ‘చదివితే కదా గుర్తుండేది’ అంటారు తోటి టీచర్లు. ‘ఆటల పిచ్చి’ అంటారు ఇంట్లోవాళ్లు. కానీ చదవని పిల్లకే ఇలా అవుతుందనుకుంటే పొరపాటు. బాగా చదివిన పిల్లకీ అవుతుంది.

అసలు ఆ భయంలో ఏం జరుగుతుందో చూడండి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, కడుపులో తిప్పినట్టుంటుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు కూడా ఇవే లక్షణాలు. అక్కడ దాన్ని ఊపు అంటాం, ఇక్కడ భయం అంటాం. కోర్టులో నాలుగు అడుగులు వేస్తే ఆ ఊపు ఆటలో కలిసిపోతుంది. పరీక్ష హాల్లో కదలకుండా కూర్చోవాలి. పైగా ‘తప్పితే ఏమవుతుంది?’ అన్న ఆలోచన తలలో తిరుగుతుంటే, లెక్క చేయడానికి కావలసిన చోటంతా అదే ఆక్రమిస్తుంది.

మరి తప్పితే ఏమవుతుంది? ఇక్కడే అబ్బాయికీ అమ్మాయికీ తేడా ఉంది. అబ్బాయికి మార్కులు తగ్గితే నాలుగు తిట్లు తిడతాం. సాయంత్రానికి వాడు మళ్లీ గ్రౌండులోనే ఉంటాడు. అమ్మాయికి తగ్గితే నేరం ఆట మీదకి వెళ్తుంది. ‘ఆడింది చాల్లే’ అని గ్రౌండు లేని ఏ హాస్టల్ కాలేజీలోనో చేర్చేస్తాం, లేదంటే సంబంధాలు చూడటం మొదలుపెడతాం. అంటే ఆమెకి మార్కుల మెమో ఒక్కటే కాదు, ఆటకి అనుమతి పత్రం కూడా. ఒక్క పేపర్లో రెండు పరీక్షలు రాస్తోంది ఆ పిల్ల. భయపడక ఏం చేస్తుంది?

దానికి తోడు ఏదీ ఖాయంగా చెప్పలేని రోజులివి. కరోనా సమయం గుర్తుందా? తెలంగాణలో 2020 మార్చిలో మొదలైన పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి జూన్‌లో రద్దయ్యాయి. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోనూ రద్దు చేశారు. 2021లో రెండు చోట్లా మళ్లీ అదే కథ. ఆ ఏడాదంతా గ్రౌండ్లకి తాళాలు. టోక్యో ఒలింపిక్సే ఏడాది వాయిదా పడితే జిల్లా టోర్నమెంట్ల గురించి చెప్పేదేముంది? చదివిన చదువుకి పరీక్ష లేదు, చేసిన సాధనకి పోటీ లేదు. కరోనా పోయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. సెలక్షన్ల తేదీ ఎప్పుడు మారుతుందో, అది ప్రీఫైనల్ రోజునే వచ్చి పడుతుందేమోనని పిల్లలు క్యాలెండరు చూసుకుంటూనే ఉంటారు.

డబ్బు లెక్క కూడా ఉంది. స్తోమత ఉన్నవాళ్లయితే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపడం మంచిది కాదని 2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ అన్నప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. పీవీ సింధు లాంటి క్రీడాకారిణిని తీర్చిదిద్దిన మనిషి అలా అన్నాడంటే తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడదా? చదువు చేతిలో ఉండాలని మనం కోరుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ పిల్లలకి అదే చెబుతాను. కానీ చదువు నిలబడాలంటే ఆట పోవాలన్న లెక్క మాత్రం తప్పు.

‘ఆడుతూ ఉంటే చదివేదెప్పుడు?’ అని మీరడగొచ్చు. మార్చిలో పది రోజుల క్యాంపుకి పంపమని నేననడం లేదు. రోజూ సాయంత్రం అరగంట పరుగో, నాలుగు రౌండ్ల ఖోఖోనో మాన్పించవద్దంటున్నాను. ఏళ్ల తరబడి ఒళ్లు అలవాటు పడిన శ్రమ ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది. టైము మిగల్చాలనుకుంటే ఆమె తోమే గిన్నెలు, పట్టే నీళ్లు ఆ రెండు నెలలు అన్నకో తమ్ముడికో అప్పజెప్పండి. గంట మిగులుతుంది!

ఇంకో ఉపాయం. ఆటలో నేర్చుకున్నదే చదువులోకి తేవచ్చు. ఏ పిల్లా నేరుగా టోర్నమెంటుకి వెళ్లదు, ముందు ప్రాక్టీసు మ్యాచులు ఆడుతుంది. అలాగే గడియారం ఎదురుగా పెట్టుకుని, మూడు గంటలు లేవకుండా పాత పేపర్లు రాయించండి. కూతకి ముందు గుండెల నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదలడం ఆమెకి తెలుసు. పేపరు తీసుకునే ముందు కూడా అదే చేయమనండి. పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాల్ని కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, అలా రాయనివాళ్లకన్నా బాగా రాశారని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించారు. బాగా భయపడే పిల్లలకే ఇది ఎక్కువ పనికొచ్చిందట. ఖర్చు ఒక తెల్లకాగితం! రాశాక చింపేసినా ఫరవాలేదు. మనం మాత్రం తొంగి చూడకూడదు.

ఇంట్లో మనం ఎంత చేసినా, తేదీలు మన చేతిలో ఉండవు. 2018లో హర్యానా షూటర్ అనీష్ భన్వాలా కామన్వెల్త్ క్రీడలకి సిద్ధమవుతుంటే, పదో తరగతి పేపర్లు కొన్ని తర్వాత రాసుకోవడానికి సీబీఎస్‌ఈ ఒప్పుకుంది. పదిహేనేళ్లకే స్వర్ణ పతకం తెచ్చాడా అబ్బాయి. జాతీయ, అంతర్జాతీయ పోటీలకి వెళ్లే పిల్లలకి ఆ తర్వాత కూడా ఆ బోర్డు ఇలాంటి వీలు కల్పించింది. మన రాష్ట్ర బోర్డుల్లో చదివే పిల్లలకీ అలాంటి భరోసా స్పష్టంగా ఉండాలి. అది జీవోల్లో దాక్కోకుండా, ప్రతి బడి నోటీసు బోర్డు మీదా కనబడాలి. ఆ పేపరు తర్వాత రాసిన పిల్లని తప్పిన పిల్లలా చూడకూడదు. టోర్నమెంటుకి వెళ్లిన రోజుల హాజరు, పోయిన పాఠాలు ఎలా సర్దుతారో ముందే రాతపూర్వకంగా ఇమ్మని పేరెంట్స్ మీటింగులో అడగండి. ఒక్క తల్లి అడిగితే నవ్వి ఊరుకుంటారేమో. పదిమంది అడిగితే హెడ్మాస్టరుగారు పెన్ను తీయక తప్పదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది మరొకటుంది. దానికి ఏ జీవో అక్కర్లేదు. ‘మార్కులు ఎన్నొచ్చినా నీ ఆట ఆగదు’ అన్న మాట పరీక్షలకి ముందే పిల్లకి చెప్పండి. ఇద్దరూ కూర్చుని, అమ్మా నాన్నా కలిసి చెప్పండి. ఆమె రాయాల్సిన రెండు పరీక్షల్లో ఒకటి ఆ క్షణానే తగ్గిపోతుంది. రెండోది ఆమె రాసుకోగలదు.