పెరటి కోళ్ళకూ పెరిగిన ఖర్చు

పెరట్లో నాలుగు కోళ్ళు, వాకిట్లో ఒక కుక్క పల్లె ఇంటికి ఒకప్పుడు బరువు కాదు. కళ్ళంలో రాలిన గింజలు, దంపుడు తవుడు, చెరిగిన నూకలతో కోళ్ళు పెరిగేవి. మిగిలిన అన్నం కుక్కకు సరిపోయేది. గుడ్లమ్మిన డబ్బు ఇల్లాలి చేతి ఖర్చుకు ఆసరాగా ఉండేది.

వరికోత యంత్రాలు వచ్చాక ధాన్యం పొలం నుంచే అమ్మకానికి పోతోంది. కళ్ళాలు తగ్గాయి. నూకలూ, తవుడూ కొనవలసి వస్తోంది. ఇంత ఖర్చుపెట్టి పెంచినా, కొక్కెర తెగులు సోకితే కొద్ది రోజుల్లోనే గంప ఖాళీ అవుతోంది.

ఈ తెగులుకు టీకాలున్నాయి. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్.2.బి. సూదిమందు వేయించాలి. అయితే ఒక్కో సీసాలో సాధారణంగా వంద లేదా అంతకు మించిన కోళ్ళకు సరిపడే మందు ఉంటుంది. కలిపిన తర్వాత కొద్ది గంటల్లోనే వాడెయ్యాలి. పది కోళ్ళున్న ఇంటికి ఇది గిట్టుబాటు కాదు. కనుక ఊరంతా ఒకే రోజున వేయించుకోవడమే మార్గం.

పశుసంవర్ధక శాఖ ముందుగా చాటింపు వేయించి, మందును మంచులో భద్రపరచి ఊరికే తేవాలి. అదే రోజున కుక్కలకు రేబిస్ టీకా కూడా వేయాలి. మేత ధరలు తగ్గించడం పల్లెవాసుల చేతిలో లేదు. కోళ్ళ చావులను అరికట్టడం మాత్రం అధికారులు, గ్రామస్థులు కలిస్తే సాధ్యమే.